గడి గేటు నుంచి అడ్డా దాకా: కూలి మనిషి నిలబడే చోటు కథ

ఈ ఎపిసోడ్‌లో రాజులు లేరు, యుద్ధాలు లేవు, కోటలు లేవు. మీరు రోజూ బైక్ మీద దాటిపోయే ఒక చోటు గురించి మాట్లాడుకుందాం. మీలో చాలామంది దాన్ని చూసే ఉంటారు, కానీ దానికి కూడా ఒక చరిత్ర ఉంటుందని అనుకుని ఉండరు. అదే లేబర్ అడ్డా.

పొద్దున ఆరున్నర. సూర్యాపేట. హైదరాబాద్-విజయవాడ హైవే అప్పటికే ఫుల్ స్పీడ్‌లో ఉంటుంది. టౌన్ లోపల మాత్రం షాపులు ఇంకా తెరవలేదు. మూసిన షట్టర్ల ముందు మెట్ల మీద, డివైడర్ పక్కన, టీ కొట్టు దగ్గర మనుషులు నిలబడి ఉంటారు. ఒకాయన సంచిలోంచి తాపీ పిడి బయటికి కనపడుతుంటుంది, అంటే సుతారి మేస్త్రీ. ఇంకొకాయన పక్కన పార, గమేళా. ఆడవాళ్ళు చేతిలో సద్ది గిన్నె పట్టుకుని ఒక పక్కన నలుగురైదుగురు కలిసి ఉంటారు. ఒక బండి వచ్చి ఆగుతుంది. అందరూ చుట్టూ చేరతారు.

"ఇద్దరు గావాలె. గోడ పని. వస్తరా?"

"ఎంతిస్తరు సార్?"

"నిన్న ఇచ్చినంతనే."

"గా రేటుకు రాం సార్."

ఈ "రాం సార్" అన్న మాట గుర్తుపెట్టుకోండి. ఈ ఎపిసోడ్ మొత్తం ఆ ఒక్క మాట గురించే.

కోదాడలో ఇదే సీన్, మిర్యాలగూడలో ఇదే సీన్. తొమ్మిది అవుతుంది. షాపులు తెరుస్తారు. "జరగండి, జరగండి" అంటారు. ట్రాఫిక్ పెరుగుతుంది, అక్కడినుంచి కూడా జరగమంటారు. అప్పటికి పని దొరకనివాళ్ళకి ఆ రోజు పోయినట్టే. ఊరి నుంచి వచ్చిన చార్జీ కూడా జేబులోంచే.

చాలామంది ఏమంటారంటే, "ఊరి బయట ఎక్కడో ఒక షెడ్డు వేసి వీళ్ళందర్నీ అక్కడికి పంపించొచ్చు కదా? ట్రాఫిక్ తగ్గుతుంది, వాళ్ళకి నీడ దొరుకుతుంది." నిజం చెప్తున్నా, నేనూ అలాగే అనుకున్నా. బీటెక్ బుర్ర కదా, ప్రాబ్లమ్ కనపడగానే సొల్యూషన్ గీసేస్తుంది. కానీ ఈ ప్రాంతం చరిత్ర చదివాక, "సరైన చోటు" అంటే ఏంటి అన్న ప్రశ్నే నాకు మారిపోయింది. ఎందుకో చెప్తాను. ముందు ఎనభై ఏళ్ళు వెనక్కి వెళ్దాం.

ఇప్పటి సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ అన్నీ అప్పుడు నిజాం రాజ్యంలో నల్లగొండ జిల్లా. భూములు ఎక్కువగా దేశ్‌ముఖుల చేతుల్లో ఉండేవి. సూర్యాపేట తాలూకా ఎర్రపాడు దేశ్‌ముఖ్ కింద లక్షన్నర ఎకరాలు ఉండేవని పుచ్చలపల్లి సుందరయ్య గారు తెలంగాణ పోరాటం మీద రాసిన పుస్తకంలో చెప్తారు. అంత భూమి ఉన్న దొరకి కూలీలు ఎలా దొరికేవాళ్ళు? దొరకడం ఏంటి, పిలిస్తే రావాలి. అదే వెట్టి. దళిత కుటుంబాలు ఇంటికి ఒక మనిషిని పంపాలి. చాకలి, మంగలి, కుమ్మరి, గొల్ల, గౌడ... ఒక్కో కులానికి ఒక్కో వంతు చాకిరి. సంచులు మోయాలి, కబుర్లు మోయాలి, దొర బండి ముందు పరిగెత్తాలి. వెట్టికి కూలి లేదు.

అంటే అప్పట్లో పని కోసం మనిషి నిలబడే చోటు ఒకటే ఉండేది. గడి గేటు. ఆ గేటు ముందు బేరం ఉండదు. "ఎంతిస్తరు?" అని అడగడం ఉండదు. "బాంచెన్ దొరా" అనడమే ఉంటుంది. "రాను" అన్న మాటకి అక్కడ చోటే లేదు.

దీని మీద 1920ల నుంచే మాడపాటి హనుమంతరావు గారు లాంటివాళ్ళు మాట్లాడారు, రాశారు. 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. తర్వాత సభలు జరిగేకొద్దీ వెట్టి ఒక పెద్ద విషయం అయ్యింది. 1944 భువనగిరి సభ తర్వాత సంఘం ఊరూరికీ వెళ్ళింది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య చనిపోయాక మొదలైన పోరాటం 1951 దాకా నడిచింది. నల్లగొండ జిల్లా దానికి గుండెకాయ. ఆ పోరాటం అనగానే మనకి భూమి గుర్తొస్తుంది. కానీ ఊళ్ళలో ముందుగా ఆగింది వెట్టి. జనం సంఘంగా నిలబడి మొదట అన్న మాట "మేము రాము." తర్వాత రాజ్యాంగం 23వ ఆర్టికల్‌లో బేగార్‌ని, అంటే ఈ కట్టు చాకిరిని, నేరుగా పేరు పెట్టి నిషేధించింది.

కథ అక్కడ అయిపోలేదు. వెట్టి పోయినా అప్పు మిగిలింది. పెళ్ళికో, రోగానికో అప్పు తీసుకుంటే ఆ ఇంట్లో ఏడాదికి జీతం ఉండాలి. పాలేరు, జీతగాడు, భగేలా... ఒక్కో చోట ఒక్కో పేరు. అప్పు తీరదు, జీతం ఆగదు. తండ్రి తర్వాత కొడుకు. ఇక్కడ మీకొక ఇంట్రస్టింగ్ విషయం చెప్పాలి. 1976లో దేశం మొత్తానికి వెట్టిచాకిరి నిర్మూలన చట్టం వచ్చింది. ఏవేవి వెట్టి కిందకి వస్తాయో దాంట్లో ఒక లిస్ట్ ఉంటుంది. ఆ లిస్ట్‌లో భగేలా ఉంది, జీతా ఉంది, పాలేరు ఉంది, వెట్టి ఉంది. మన ఊళ్ళో మామూలుగా వాడే మాటలు పార్లమెంట్ చట్టంలోకి వెళ్ళాయి. ఎందుకు గర్వపడాలో ఎందుకు సిగ్గుపడాలో మీరే చెప్పండి.

అంటే రెండో దశలో మనిషి నిలబడే చోటు గడి గేటు నుంచి ఒక ఆసామి ఇంటి వాకిటికి మారింది. అక్కడా ఒక్కడే యజమాని. ఎంపిక లేదు.

మరి వాకిలి నుంచి నాలుగు రోడ్ల కూడలికి ఎలా వచ్చారు? దీనికి నీళ్ళు ఒక కారణం. 1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జున సాగర్‌కి శంకుస్థాపన చేశారు. ఆ రాతి డ్యామ్ కట్టిన చేతుల్లో పాలమూరు కూలీల చేతులు ఎన్నో. 1967 ఆగస్టులో ఇందిరా గాంధీ కాలువలకి నీళ్ళు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు పొలాలన్నీ వరి అయ్యాయి. వరి అంటే నాట్లు, కలుపు, కోతలు. ఒక్కో పనికి ఒకేసారి పదుల మంది కావాలి, రెండు వారాలే కావాలి. ఏడాది జీతగాడితో ఆ పని అవదు. రోజు కూలి, గుత్త కూలి పెరిగాయి. వడ్ల వెనకాలే మిల్లులు వచ్చాయి. మిర్యాలగూడ రైస్ మిల్లుల ఊరు అయిపోయింది. మిల్లుకి హమాలీలు కావాలి. మేళ్ళచెరువు, మట్టపల్లి వైపు సిమెంట్ ఫ్యాక్టరీలు వచ్చాయి. హైవే పెరిగింది, టౌన్లు పెరిగాయి, ఇళ్ళు పెరిగాయి. తర్వాత వరికోత మిషన్ వచ్చి ఊళ్ళో కోత పని తీసేసింది. ఊళ్ళ నుంచి, తండాల నుంచి మనుషులు మొదటి బస్సెక్కి, ఆటో ఎక్కి టౌన్‌కి రావడం మొదలుపెట్టారు.

వచ్చి ఎక్కడ నిలబడాలి? ఎవరూ చెప్పలేదు. బస్సు దిగిన చోటు, టీ దొరికే చోటు, నాలుగు రోడ్లు కలిసే చోటు. ఇల్లు కట్టేవాడి బండి కూడా అదే దారిలో వస్తుంది. అలా అడ్డా పుట్టింది. దానికి శంకుస్థాపన రాయి లేదు, రిబ్బన్ కటింగ్ లేదు. కాళ్ళే వెతుక్కున్న చోటు అది.

ఇప్పుడు ఆ "రాం సార్" దగ్గరికి వద్దాం. గడి గేటు దగ్గర అనలేని మాట, ఆసామి వాకిట్లో అనలేని మాట, అడ్డా మీద అనగలుగుతున్నారు. ఎందుకు? మొదటిది, ఈ బండి పోతే ఇంకో బండి వస్తుంది అన్న ఆశ. రెండోది, పక్కన ఇంకో యాభై మంది ఉన్నారు, బేరం అందరికీ వినపడుతుంది. ఒకడు రేటు బాగా తగ్గిస్తే పక్కవాడు ఊరుకోడు. అడ్డా మీద రేటు ఏ బోర్డు మీదా రాసి ఉండదు, కానీ అందరికీ తెలుసు. మిర్యాలగూడలో మిల్లు హమాలీలకి ఒక గేటు ఉంది, కాబట్టి వాళ్ళు సంఘంగా కూర్చుని బస్తాకి ఇంత అని ఒప్పందం చేసుకోగలరు. అడ్డా కూలీకి మిల్లు లేదు, గేటు లేదు. వాళ్ళని ఒక గుంపుగా చేసేది ఆ చోటు ఒక్కటే. ఆ చోటు చెదిరితే గుంపు చెదురుతుంది, రేటు చెదురుతుంది.

"బ్రో, ఒక యాప్ చేస్తే అయిపోతుంది కదా" అని మీరు అంటారని తెలుసు. నేనూ ఆలోచించా. కానీ యాప్‌లో పక్కవాడికి ఎంత చెప్పారో నాకు కనపడదు. ఫోన్‌లో మేస్త్రీ ఒక్కొక్కడితో విడివిడిగా మాట్లాడతాడు. అడ్డా మీద బేరం నలుగురి మధ్యలో జరుగుతుంది. ఆ తేడా చిన్నది కాదు.

అంతమాత్రాన అడ్డా స్వర్గం అని నేను అనట్లేదు. అరవై దాటిన పెద్దాయన్ని ఎవరూ పిలవరు. ఆడవాళ్ళకి అదే పనికి తక్కువ కూలి. మూడు గంటలు నిలబడాలంటే బాత్రూమ్ ఎక్కడ? అందుకని పొద్దున నీళ్ళు తాగకుండా వచ్చేవాళ్ళు ఉంటారు. సాయంత్రం డబ్బులు రేపు ఇస్తా అని వెళ్ళిపోతే అడగడానికి అడ్రస్ ఉండదు. భవన నిర్మాణ కార్మికులకి 1996లో చట్టం వచ్చింది, సంక్షేమ బోర్డు వచ్చింది. రిజిస్టర్ అవ్వాలంటే అంతకుముందు పన్నెండు నెలల్లో తొంభై రోజులు పని చేసి ఉండాలి. ఇవాళ ఒక గోడ, రేపు ఒక స్లాబ్, ఎల్లుండి ఒక సెప్టిక్ ట్యాంక్. ఆ తొంభై రోజులకి సాక్ష్యం ఎవరు?

ఇంకొకటి. నేను సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉన్నప్పుడు ప్రాజెక్ట్ లేకపోతే బెంచ్ మీద ఉండేవాళ్ళం. ఏసీలో కూర్చుంటాం, కాఫీ తాగుతాం, జీతం పడుతుంది. అడ్డా కూడా బెంచే కదా? పని కోసం రెడీగా ఉండటమే కదా? ఆ ఎదురుచూపుకి వాళ్ళకి ఎవరూ డబ్బు ఇవ్వరు. ఇది అయ్యే పనేనా అంటే, ఒకచోట అయ్యింది. లండన్ రేవుల్లో కూలీలు రోజూ గేటు దగ్గర గుమిగూడేవాళ్ళు, మేస్త్రీ వేలు చూపించిన వాళ్ళకే పని. 1889లో వాళ్ళు పెద్ద సమ్మె చేశారు. గంటకి ఆరు పెన్నీలు కావాలన్నారు, పిలిస్తే కనీసం నాలుగు గంటల పని ఇవ్వాలన్నారు. గెలిచారు. మన దేశంలో కూడా 1948లో డాక్ వర్కర్స్ చట్టం వచ్చింది. దాని కింద వచ్చిన స్కీముల్లో రేవు కూలీ వచ్చి హాజరు వేసుకుంటే, ఆ రోజు పని లేకపోయినా కొంత హాజరు డబ్బు ఇచ్చేవాళ్ళు. అంటే ఎదురుచూపు కూడా పనే అని ఒప్పుకున్నారు.

ఇప్పుడు చోటు గురించి మన చట్టాలు ఏమన్నాయో చూడండి. నిజాం కాలంలోనే, 1930లో, వ్యవసాయ మార్కెట్ల చట్టం వచ్చింది. 1966లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇంకో చట్టం వచ్చింది. దాని పేరులోనే వ్యవసాయ ఉత్పత్తులతో పాటు పశుసంపద కూడా ఉంది. సూర్యాపేట మార్కెట్ యార్డ్‌కి వెళ్ళండి, రాష్ట్రంలో పెద్ద యార్డుల్లో అదొకటి. వడ్లకి షెడ్డు ఉంది, కాంటా ఉంది. 1999 జనవరి 26న రైతు బజార్లు మొదలయ్యాయి, కూరగాయలు తెచ్చే రైతుకి ఊరి మధ్యలో చోటు దొరికింది. 2005 ఉపాధి హామీ చట్టం ఊళ్ళో పని జరిగే దగ్గర తాగునీరు, నీడ, ఫస్ట్ ఎయిడ్ ఉండాలంది. 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. జనం ఎప్పటినుంచో అమ్మకాలు, కొనుగోళ్ళు చేసుకునే చోటుని సహజ మార్కెట్ అని ఆ చట్టం గుర్తించింది. సర్వే చేయకుండా అక్కడి వ్యాపారిని లేపకూడదంది.

వడ్లకి చోటు ఉంది, బర్రెకి చోటు ఉంది, బెండకాయకి చోటు ఉంది, మిర్చి బజ్జీల బండికి చోటు ఉంది. ఆ వడ్ల బస్తా మోసి, ఆ యార్డ్ గోడ కట్టిన మనిషి రేపటి పని కోసం నిలబడటానికి మాత్రం రూల్ బుక్‌లో ఒక గజం కూడా రాయలేదు. అడ్డా కంటే సహజమైన మార్కెట్ ఏదైనా ఉందా?

ఇది మన ఒక్కరి సమస్య కాదు. అమెరికాలో కాలిఫోర్నియాలో రెడొండో బీచ్ అని ఒక ఊరు ఉంది. రోడ్డు పక్కన నిలబడి బండ్లవాళ్ళని పని అడగకూడదని అక్కడ రూల్ పెట్టారు. కూలీలు కోర్టుకి వెళ్ళారు. 2011లో ఫెడరల్ అప్పీల్ కోర్టు ఆ రూల్ కొట్టేసింది. వాక్ స్వాతంత్ర్యం కిందే కొట్టేసింది. ట్రాఫిక్ సమస్య అయితే ట్రాఫిక్ రూల్స్ ఉన్నాయి కదా, మనుషుల్ని అడగకుండా ఎందుకు ఆపుతారు అని దాని అర్థం. పని అడగడం కూడా ఒక మాటే. అదే రాష్ట్రంలో లాస్ ఏంజిలెస్ 2008లో ఇంకో దారి చూసింది. ఇంటి సామాను అమ్మే పెద్ద స్టోర్ల ముందు కూలీలు ఎలాగూ నిలబడతారు కాబట్టి, కొత్తగా కట్టే అలాంటి స్టోర్లు వాళ్ళకి నీడ, తాగునీరు, టాయిలెట్ ఏర్పాటు చేసేలా రూల్ తెచ్చింది. మన దేశంలోనే గుజరాత్ 2017లో కడియా నాకాల దగ్గరికే, అంటే వాళ్ళ అడ్డాల దగ్గరికే, నిర్మాణ కార్మికులకి పది రూపాయల భోజనం తీసుకెళ్ళింది.

గమనించారా? పనికొచ్చిన ఐడియాలు అన్నీ ఒకటే చేశాయి. మనుషుల్ని సౌకర్యం దగ్గరికి తరమలేదు, సౌకర్యాన్ని మనుషుల దగ్గరికి తెచ్చాయి.

అందుకే ఊరి బయట షెడ్డు ఐడియా నేను వదిలేశాను. షెడ్డు కట్టడం ఈజీ. కానీ ఇల్లు కట్టుకునేవాడు పొద్దున్నే ఊరి బయటికి రాడు. అతను రాకపోతే కూలీ రాడు. కూలీ రాకపోతే మేస్త్రీ ఒక్కడే మిగులుతాడు, ఆ షెడ్డుకి గేటు పెట్టుకుని "నా ద్వారానే పని" అంటాడు. మళ్ళీ గేటు దగ్గరికే వచ్చాం.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ లాంటి టౌన్లలో సరైన చోటు అంటే నా లెక్కలో ఇది. మొదటి బస్సు దిగి నడిచి వెళ్ళేంత దగ్గర ఉండాలి. రోడ్డు పక్కన నాలుగు బండ్లు ట్రాఫిక్‌కి అడ్డం లేకుండా ఆగే జాగా ఉండాలి. నాలుగు వైపులా ఓపెన్‌గా ఉండాలి, బేరం అందరికీ వినపడాలి, తాళం వేసే గేటు ఉండకూడదు. పైన రేకు, ఒక నల్లా, ఆడవాళ్ళకి తలుపున్న బాత్రూమ్. గోడ మీద కనీస కూలి రేట్లు, లేబర్ ఆఫీసు ఫోన్ నంబర్. వారానికి ఒక రోజు లేబర్ ఆఫీసు టేబుల్ అక్కడికే వచ్చి కార్డులు రాయాలి. ఇంకా ముఖ్యం, ఎక్కడ పెట్టాలో అక్కడ నిలబడేవాళ్ళని, ముఖ్యంగా ఆడవాళ్ళని, ముందు అడగాలి. అడ్డా నడిచేది పొద్దున ఆరు నుంచి తొమ్మిదిన్నర దాకే. తర్వాత అదే రేకు కింద పార్కింగ్ పెట్టుకోండి, కూరగాయల బండ్లు పెట్టుకోండి. కొత్త భూమి కొనాల్సిన పని లేదు. ఉన్న చోటుని టైమ్ చూసి పంచుకోవడమే.

గడి గేటు నుంచి ఈ కూడలికి రావడానికి మన తాతల తరం ప్రాణాలు పెట్టింది. "రాను" అనే హక్కు అలా వచ్చింది. ఆ హక్కు కాగితం మీద ఉంటే సరిపోదు, అనడానికి కాళ్ళ కింద చోటు కావాలి. ఈసారి పొద్దున్నే ఆ సెంటర్ దాటుతున్నప్పుడు హారన్ కొట్టే ముందు ఒక్క సెకను ఇది గుర్తుచేసుకోండి. అది ట్రాఫిక్ జామ్ కాదు. మన జిల్లాలో మనిషి తన రేటు తాను చెప్పుకునే చోటు.

మీ ఊళ్ళో అడ్డా ఎక్కడ ఉంది, అక్కడ ఒక్క నల్లా అయినా ఉందా, లేదా? కామెంట్‌లో రాయండి. మీ ఇంట్లో ఎవరైనా అడ్డా మీద నిలబడి మిమ్మల్ని చదివించి ఉంటే అదీ రాయండి, సిగ్గుపడాల్సింది మీరు కాదు. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.